నాన్న పోయారు, ఊరు మారాం, కొత్త కొలువు: రాత్రి నిద్ర లేదు, దేన్ని ముందు సరిచేసుకోవాలి?

మీరు రాసింది ఇదీ: ఫిబ్రవరిలో నాన్నగారు పోయారు. పరకాల దగ్గరి ఊళ్లో ఇంటికి తాళం వేసి, అమ్మను, భార్యాపిల్లలను తీసుకొని కాజీపేటలో అద్దె ఇంటికి వచ్చారు. స్కూల్లో పాఠాలు చెప్పే కొలువు వదిలి సికింద్రాబాద్‌లో ఆఫీసు పనికి రోజూ రైల్లో పోయి వస్తున్నారు. పన్నెండు దాటినా నిద్ర పట్టదు, తెల్లవారుజామున గుండె దడతో మెలకువ వస్తుంది, చిన్న మాటకే కోపం. "నాకే ధైర్యం చాలట్లేదా?" అని అడిగారు.

ధైర్యానికి దీనితో సంబంధం లేదు. 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు 43 రకాల జీవిత మార్పులకు మార్కులు వేశారు. దగ్గరి కుటుంబ సభ్యుడి మరణం 63, వేరే రకం పనిలోకి మారడం 36, జీవన పరిస్థితులు మారడం 25, ఇల్లు మారడం 20, పని వేళలు మారడం 20. మీవి కూడితే 164. వాళ్ల లెక్కలో 150 దాటితే ఒంటి ఆరోగ్యం దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. ఆ పట్టిక మన ఇళ్లకు అచ్చంగా సరిపోదు. పెద్దకొడుకు మీద పడే బరువుకు అందులో మార్కులే లేవు. కానీ ఒకటి నిజం. ఒక్కో మార్పు విడిగా వస్తే తట్టుకునే మనిషి కూడా అన్నీ కలిసి ఒకే ఆరు నెలల్లో వస్తే అలసిపోతాడు. అందుకే నా సలహా: మనసుకు నచ్చజెప్పే పని పక్కనబెట్టి, ముందు రోజును ఒక గాడిలో పెట్టండి. కొత్తగా ఇంకే మార్పూ నెత్తిన పెట్టుకోకండి.

నిద్రతో మొదలుపెట్టండి, ఎందుకంటే కోపం, దడ, మతిమరుపు సగం దాని నుంచే వస్తాయి. నిద్ర పట్టే టైము మన చేతిలో ఉండదు, లేచే టైము ఉంటుంది. రైలు కోసం ఐదింటికి లేస్తుంటే ఆదివారం కూడా ఆరు దాటనివ్వకండి. ఆదివారం తొమ్మిది దాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర రాదు, సోమవారం మొత్తం చెడుతుంది. రోజూ రైల్లో తిరిగేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది, తిరుగు రైల్లో కునుకు తీయడం. పొద్దున పోయేటప్పుడు ఇరవై, ముప్పై నిమిషాలు కన్ను మూసినా నష్టం లేదు. సాయంత్రం భువనగిరి దాటాక గంటసేపు నిద్రపోతే, పగలంతా కూడిన నిద్ర బరువు అక్కడే తీరిపోతుంది, రాత్రికి ఏమీ మిగలదు. ఆ టైములో నిలబడండి, ఎవరితోనైనా మాట్లాడండి, కాజీపేట వచ్చేదాకా కన్ను మూయకండి. జనగామలో తాగే చాయ్ కూడా మానాలి. చాయ్‌లోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు.

పక్క మీద ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాలేదనిపిస్తే లేవండి. గడియారం చూడొద్దు, అందాజాగా చాలు. గది చిన్నదైతే, అందరూ పడుకొని ఉంటే, వంటింట్లో స్టూలు వేసుకొని చిన్న లైటు కింద కూర్చోండి. ఫోన్ తెరవొద్దు. కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ పక్క ఎక్కండి. ఒక రాత్రిలో మూడుసార్లు లేవాల్సి వచ్చినా సరే. పక్క మీద దొర్లుతూ ఆలోచించే కొద్దీ పక్క అంటేనే రంది అని ఒంటికి అలవాటవుతుంది, ఆ అలవాటును విడగొట్టడానికే ఇదంతా. మొదటి వారం ఇంకా అలసటగా ఉంటుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. రెండు మూడు వారాలు పట్టుదలగా చేయాలి.

రందికి కూడా ఒక టైము పెట్టండి. అన్నం తిన్నాక, పడుకోవడానికి కనీసం గంటన్నర ముందు, ఇరవై నిమిషాలు. పక్క మీద కాదు, కుర్చీలో. ఒక నోటుబుక్కు, పెన్ను. తలలో తిరిగేవన్నీ ఒక్కో లైనులో రాయండి. పక్కన రెండిట్లో ఒకటి రాయాలి: చేయాల్సిన తర్వాతి చిన్న పని, దాని తేదీ, లేదా "నా చేతిలో లేదు". "భూమి సంగతి" అని రాస్తే అది అట్లాగే తలలో తిరుగుతుంది. "గురువారం ఊరి పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేయాలి" అని రాస్తే తల దాన్ని వదిలేస్తుంది. రాత్రి మళ్లీ గుర్తుకొస్తే "బుక్కులో ఉంది" అనుకుంటే చాలు.

తెల్లవారుజాము దడకు: మెలకువకు ముందు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరగడం అందరి ఒంట్లో జరిగేదే. ఒత్తిడి ఉన్నవాళ్లకు అది దడగా తెలుస్తుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాలు. నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. గట్టిగా, నిండుగా పీల్చొద్దు. అట్లా పీల్చితే తల తిరుగుతుంది, వేళ్లు జివ్వుమంటాయి, భయం ఇంకా ఎక్కువవుతుంది. పగలు రైల్లో కూర్చున్నప్పుడు వారం రోజులు నేర్చుకోండి, అప్పుడే దడ వచ్చిన వేళ పనికొస్తుంది. దడతోపాటు ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే శ్వాస లెక్కలు పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి. అట్లాంటివి లేకున్నా ఒకసారి ఈసీజీ, బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోవడం మంచిది. థైరాయిడ్ ఎక్కువైనా సరిగ్గా ఇట్లాగే దడ, కోపం, నిద్రలేమి ఉంటాయి.

మందు తాగితే నిద్ర త్వరగా వస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో చెడిపోతుంది, మీ తెల్లవారుజాము దడ పెరుగుతుంది. కల్లు గురించి మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాలి. కొన్నిచోట్ల అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజపాం లాంటి మత్తు మందులు కలుపుతారు. అది రోజూ తాగినవాళ్లు ఒక్కసారి మానితే వణుకు, మాట తడబాటు, ఫిట్స్ వస్తాయి. ఇంట్లో ఎవరికైనా ఆ అలవాటు ఉంటే సొంతంగా మాన్పించకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. దుకాణంలో తెలిసినవాడు ఇచ్చే నిద్రగోలీలదీ ఇదే దారి. కొన్ని వారాలకే ఒళ్లు వాటికి అలవాటుపడుతుంది.

కాగితాల పని వారానికి ఒక్క ఆఫీసు, అంతకు మించి వద్దు. మరణ నమోదు 21 రోజుల్లో అయి ఉండాలి. కాకపోతే ఏడాది దాటనివ్వకండి, దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. సర్టిఫికెట్ కాపీలు ఒకేసారి పది తీసుకోండి. నాన్నగారు పట్టాదారై, వయసు 59 లోపు ఉండి ఉంటే రైతు బీమా 5 లక్షలు నామినీకి వస్తాయి, మండల వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడగండి. భూమి అమ్మడం, ఇల్లు అమ్మడం, పంపకాలు మాత్రం ఏడాది దాకా ముట్టుకోకండి. దుఃఖంలో ఉన్నప్పుడు "ఏదో ఒకటి తేల్చేద్దాం" అనిపిస్తుంది, ఆ తేల్చేయడం కోసమే తక్కువ ధరకు అమ్ముకుంటారు. చుట్టాలు తొందరపెడితే "సంవత్సరీకం అయినంక చూద్దాం" అనండి. ఆ మాట ఎవరూ కాదనరు.

అమ్మ గురించి మీరు ఒక్క లైనే రాశారు, "పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుంటుంది" అని. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది అదే. ఆమెకు పోయింది భర్త ఒక్కడే కాదు. వాకిలి, బర్రె, ఇంటిముందు మాట్లాడే మనుషులు, తన చేతి పని, అన్నీ ఒకే రోజు పోయాయి. "నువ్వేం చేయకు, కూర్చో" అనడం ప్రేమతోనే అంటారు, కానీ అదే ఆమెను కుంగదీస్తుంది. ఇంట్లో ఆమెదే అనే ఒక పని ఇవ్వండి. పొద్దున చాయ్ పెట్టడమో, పిల్లల టిఫిన్ డబ్బా కట్టడమో, ఏదైనా సరే, ఇంకెవరూ దాన్లో వేలు పెట్టకూడదు. ఊరి నుంచి ఆమె మంచం, ఆమె రోజూ వాడిన గిన్నెలు నాలుగు తెప్పించండి. నెలకు రెండు రోజులు ఊరికి తీసుకెళ్లండి, తేదీ ముందే చెప్పండి. ఎదురుచూడటానికి ఒక తేదీ ఉండటం ఆమెకు చాలా అవసరం. సాయంత్రాలు వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి, తన వయసు ఆడవాళ్లు కనబడతారు. నాన్నగారి పేరు ఇంట్లో ఎత్తకుండా దాచిపెట్టడం మేలు చేయదు. ఆయన యాది చెప్పుకుంటూ ఏడిస్తే ఏడవనివ్వండి. పెత్తరమాస (పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య), బతుకమ్మ రోజుల్లో మనాది తిరగబెడుతుంది. మీకు కూడా. పెత్తరమాస రోజుకు సెలవు ఇప్పుడే పెట్టుకోండి, బియ్యం ఎవరికి ఇవ్వాలో, ఆయనకు ఇష్టమైనది ఏం వండాలో అమ్మనే అడగండి.

కోపానికి ఒక్కటే. ఇల్లు చేరగానే ముఖం కడుక్కొని పదిహేను నిమిషాలు ఎవరూ డబ్బు, కాగితాలు, స్కూలు ఫీజుల మాట ఎత్తొద్దని భార్యతో ముందే మాట్లాడి పెట్టుకోండి. కోపం వచ్చాక చెబితే ఎవరికీ ఎక్కదు.

ఇవన్నీ చేస్తున్నా రెండు వారాలపాటు దాదాపు రోజంతా మనసు బరువుగా ఉంటే, తిండి సహించకపోతే, ఏ పని మీదా ఆసక్తి లేకపోతే, అది మీకైనా అమ్మకైనా, డాక్టరుకు చూపించాలి. "నేను లేకున్నా ఏముంది" అనే మాట వస్తే రెండు వారాలు ఆగకండి, అదే రోజు ఫోన్ చేయండి. ఆ మనిషిని ఒంటరిగా ఉంచకండి. ఇంట్లో పురుగుల మందు ఉంటే బయటికి పంపేయండి. మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దునే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. పోయేటప్పుడు వారం రోజుల నిద్ర వేళలు, వాడుతున్న గోలీల పేర్లు, మందూ కల్లూ అలవాటుంటే అది కూడా దాచకుండా ఒక కాగితం మీద రాసుకెళ్లండి. డిప్రెషన్ మందులు రాస్తే గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకు పని చేయలేదని ఆపొద్దు, బాగైందని కూడా మీ అంతట మీరు ఆపొద్దు.