బీపీ తగ్గాలంటే ఏం తినాలి? ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

వెల్లుల్లి, బీట్‌రూట్ తింటే బీపీ తగ్గుతుందా, తిండి మారిస్తే మాత్రలు మానేయొచ్చా అని అడిగారు. నాకూ బీపీ ఉంది. మాత్ర వేసుకుంటూనే తిండి మార్చుకున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

వెల్లుల్లి, బీట్‌రూట్ మంచివే, కొంచెం ప్రభావం ఉంటుంది. కానీ మాత్ర పని అవి చేయవు. ఏం కొత్తగా తినాలా అని వెతకడం కన్నా, ఒంట్లోకి ఉప్పు ఎటునుంచి వస్తోందో పట్టుకోవడం వల్లే నాకు ఎక్కువ మేలు జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. అంటే సుమారు ఒక టీస్పూను, అన్నీ కలిపి! కూరలో వేసేది కళ్లకు కనిపిస్తుంది. బ్రెడ్, చీజ్, సాస్, సూప్ పొడి, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో ఉన్నది కనిపించదు. తియ్యటి బిస్కెట్లలోనూ ఉంటుంది.

ప్యాకెట్ వెనక చాలాసార్లు ఉప్పు అని కాకుండా సోడియం అని రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణించండి. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు అన్నమాట. ఆ అంకె 100 గ్రాములకా, ఒక సర్వింగ్‌కా అన్నది కూడా చూడాలి. నూడుల్స్ ప్యాకెట్ మీద రెండు సర్వింగులని ఉంటే, మొత్తం లాగించేవాళ్లు అంకెను రెట్టింపు చేసుకోవాల్సిందే. (ఒక్క ప్యాకెట్‌ను ఇద్దరు పంచుకుని తినడం నేనైతే ఎక్కడా చూడలేదు.)

మొదట్లో అన్నీ చప్పగానే ఉంటాయి. ఉప్పు ఒక్కసారిగా మానకుండా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాను. చివర్లో నిమ్మరసం పిండి, మిరియాలు దంచి వేస్తే ఆ లోటు అంతగా తెలియదు. కొన్ని వారాలకు నాలుక అలవాటు పడింది. ఇప్పుడు బయట తింటే నోరంతా ఉప్పే.

ఇక తినాల్సినవి: కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యాలు, వెన్న తీసిన పాలు, పెరుగు. దీన్నే డ్యాష్ డైట్ అంటారు. దీని మీద 1997లో వచ్చిన పరిశోధనలో ఉప్పు, బరువు మార్చకుండానే, బీపీ ఎక్కువున్నవాళ్లకు పై అంకె సగటున 11 దాకా తగ్గింది. ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకా మేలని 2001లో తేలింది. బరువు ఎక్కువుంటే అదీ తగ్గించాలి, మద్యం తాగే అలవాటుంటే అదీ.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. లో-సోడియం ఉప్పులో పొటాషియం కలుపుతారు. చాలామందికి అది మంచిదే. కానీ కిడ్నీ సమస్య ఉన్నా, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ మందులు వాడుతున్నా రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. డాక్టర్‌ని అడగకుండా కొనకండి.

మాత్ర సంగతి కూడా ఆయనే తేల్చాలి. నాకు కొన్నాళ్లకు డోసు తగ్గించారు, పూర్తిగా ఆపలేదు. మీరు ఇంట్లో చూసుకున్న రీడింగులు రాసి తీసుకెళ్తే ఆయనకూ తేలిక. పొద్దున్నే మాత్ర వేసుకోకముందు, కాఫీ తాగకముందు, మూత్రవిసర్జన అయ్యాక, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని చూసుకోండి. ఒక నిమిషం ఆగి రెండోసారి కూడా చూసి, రెండూ రాయండి.