తిరుపతిలో కారు ఆయిల్ మార్పిడికి, టైర్ల రొటేషన్‌కు ఎంత ఇవ్వడం న్యాయం?

మీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌కు ఆయిల్ మార్చినందుకు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో 6,000 రూపాయలు దాటి బిల్లు వేశారని, వచ్చేసారి బయట గ్యారేజీకి తీసుకెళితే వారంటీ పోతుందేమోనని, టైర్ల రొటేషన్‌కు, అంటే ముందు వెనుక టైర్ల చోట్లు మార్చడానికి, విడిగా డబ్బు పెట్టడం అవసరమా అని అడిగారు. నేనూ తిరుపతిలోనే ఉంటూ ఇదే తరగతి కారును కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఊరి నుంచి చుట్టాలు ఎవరు వచ్చినా కొండకు తీసుకెళ్లవలసింది కూడా నేనే. నేను గమనించినంతవరకు మన ఊరి కారు యజమానులు ఆయిల్ దగ్గర అవసరానికి మించి ఇచ్చుకుంటున్నారు, టైర్ల దగ్గర మాత్రం పెట్టవలసిన కాస్త డబ్బు కూడా పెట్టడం లేదు.

ముందు ఆయిల్ లెక్క చూద్దాం. ఈ తరగతి పెట్రోలు ఇంజన్లకు ఫిల్టరుతో కలిపి సాధారణంగా 3 నుంచి 3.5 లీటర్ల ఆయిల్ పడుతుంది. 0డబ్ల్యూ-20 లేదా 5డబ్ల్యూ-30 రకం మంచి సింథటిక్ ఆయిల్‌కు నేను లీటరుకు 450 నుంచి 600 రూపాయల వరకు ఇచ్చాను. ఆయిల్ ఫిల్టరు 100, 150 రూపాయల్లో వస్తుంది, డ్రెయిన్ బోల్టు వాషరు పది, ఇరవై రూపాయల వస్తువు, రేణిగుంట రోడ్డు వైపు గ్యారేజీల్లో కూలి 300 రూపాయల దగ్గర ఉంటుంది. అన్నీ కలిపినా దాదాపు 1,750 నుంచి 2,600 రూపాయల మధ్యే తేలుతుంది. కంపెనీ సెంటర్‌లో కూలి, దానిపై 18 శాతం జీఎస్టీ కలిసి ఇంకొంత పెరగడం సహజమే కానీ, అది రెట్టింపుకు మించడానికి ఆయిల్ కారణం కాదు.

కాబట్టి మీ బిల్లును మరొకసారి వరుసగా చదవండి. ఇంజన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, లోపలి పాలిష్, అడుగు భాగానికి కోటింగ్ వంటి పేర్లు అందులో తప్పకుండా కనిపిస్తాయి. వీటిలో చాలా వాటిని యజమాని పుస్తకంలోని సర్వీసు పట్టిక 10,000 కిలోమీటర్ల దగ్గర అడగదు. ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు శుభ్రం చేయడం వేరే సంగతి. మన దుమ్ముకు అది అవసరమే. కొండకు తరచుగా వెళ్లేవారు బ్రేకులు విప్పి శుభ్రం చేయించుకోవడానికి కొంత ఇచ్చినా నేను తప్పు పట్టను. మిగతావన్నీ జాబ్ కార్డు (చేయవలసిన పనుల జాబితా) రాసేటప్పుడే, సంతకం పెట్టకముందే, "పుస్తకంలో ఉన్న పనులు మాత్రమే చేయండి, కొత్తది ఏదైనా ఉంటే ఫోన్ చేసి అడగండి" అని రాయించి కొట్టివేయించవచ్చు. ఇలా రాయించడం మొదలుపెట్టాక నా బిల్లు దాదాపు సగానికి దిగింది. సర్వీస్ అడ్వైజర్ ముఖం కాస్త చిన్నబోతుంది, అంతే. ఇంకొక చిన్న విషయం: నాలుగు లీటర్ల డబ్బాకు డబ్బు తీసుకుని మూడు లీటర్ల చిల్లర పోసినప్పుడు మిగిలిన ఆయిల్ మీదే, దాన్ని అడిగి తెచ్చుకోండి. మధ్యలో ఎప్పుడైనా మట్టం తగ్గితే పోసుకోవడానికి పనికివస్తుంది.

వారంటీ సంగతికి వస్తే, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు జరిమానా విధిస్తూ, బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీని గంపగుత్తగా రద్దు చేసే షరతు పెట్టకూడదని కూడా ఆదేశించింది. ఆ వ్యవహారం తరువాత కోర్టుల దాకా వెళ్లింది. రేపు మన ఇంజన్‌లో పెద్ద లోపం బయటపడితే ఆ ఆదేశాన్ని పట్టుకుని కంపెనీతో వాదించే ఓపిక మనలో ఎంతమందికి ఉంటుంది? అందుకే వారంటీ ఉన్నంత కాలం ఆయిల్ మార్పిడి కంపెనీ సెంటర్‌లోనే, కొట్టివేతలతో చేయించడం, అది ముగిశాక నమ్మకమైన గ్యారేజీకి మారడం మేలని నా అభిప్రాయం. గ్యారేజీలో మాత్రం పీపా నుంచి పోసే విడి ఆయిల్ వద్దని చెప్పి, సీలు ఉన్న డబ్బాను మీ ఎదుటే తెరిపించండి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న విషయంలో మన మెకానిక్కులు ఇప్పటికీ 5,000 దగ్గరే ఉన్నారు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) బయటకు తీసి, నల్లబడిన ఆయిల్‌ను గుడ్డకు తుడిచి చూపిస్తే ఎవరికైనా భయం వేస్తుంది. అయితే ఇంజన్‌లోని మసిని పట్టి ఉంచే డిటర్జెంట్లు ఆయిల్‌లోనే ఉంటాయి కాబట్టి అది నల్లబడటం తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తే తప్ప, పాడైందనడానికి కాదు. చాలా కంపెనీలు ఈ కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందు వస్తే అప్పుడు మార్చమంటాయి. అదే పుస్తకంలో దుమ్ము, కొండదారులు, ఇంజన్ వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాలు కఠిన పరిస్థితులని, వాటిలో ముందే మార్చాలని కూడా రాసి ఉంటుంది. నెలకు ఒకసారి కొండెక్కితే దీని గురించి ఆలోచించనక్కరలేదు. వారం వారం ఎక్కేవారు 7,000 దాటాక మార్చుకుంటే సరిపోతుందని నా లెక్క. డీజిల్ కార్లకు ఆయిల్ ఎక్కువ పడుతుంది, పైగా బీఎస్-6 డీజిల్‌లో ఎగ్జాస్టు ఫిల్టరు ఉన్నవాటికి పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద రకం ఆయిలే పోయాలి; అక్కడ చవక చూడకూడదు.

ఇక టైర్లు. మన కార్లలో ఇంజన్ బరువు, లాగే శక్తి, స్టీరింగ్, బ్రేకు భారంలో ఎక్కువ పాలు అన్నీ ముందు రెండు చక్రాల మీదే పడతాయి. దీనికి తిరుమల ఘాట్ తోడవుతుంది. 1944లో ప్రారంభమైన పాత ఘాట్ రోడ్డు మీదుగా దిగేటప్పుడు బ్రేకు నొక్కిన ప్రతిసారీ బరువు ముందుకు వాలుతుంది, ఆ బరువుతోనే మలుపు మీద మలుపు తిరగాలి. తక్కువ గేరులో ఇంజన్ పట్టు మీద దిగకుండా బ్రేకు మీదే దిగేవారి ముందు టైర్ల అంచులను చూస్తే ఈ సంగతి కంటికి కనిపిస్తుంది. వెనుక టైర్లు మాత్రం అప్పటికీ కొత్తవాటిలా ఉంటాయి. రొటేషన్ అంటే ఈ అరుగుదలను నాలుగింటికీ పంచడమే. ముందు టైర్లు అదే వైపున నేరుగా వెనక్కి వెళతాయి, వెనుకవి ఎడమ కుడి మార్చుకుని ముందుకు వస్తాయి. తిరిగే దిశను సూచించే బాణం గుర్తున్న టైర్లయితే వైపు మార్చకుండా ముందు వెనుకలు మాత్రమే మార్చాలి.

8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి, టైర్ల దుకాణంలో నేను దీనికి ఇచ్చేది 200 రూపాయలు. వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) కూడా చేయిస్తే చక్రానికి 80, 100 రూపాయలు అదనం. అలైన్‌మెంటు (చక్రాల కోణాలు సరిచేయడం) 400 నుంచి 600 వరకు ఉంటుంది కానీ, అది వేరే పని. బండి ఒక వైపు లాగుతున్నా, టైరు ఒక అంచున మాత్రమే అరుగుతున్నా అది అవసరం. రొటేషన్‌తో పాటు ప్రతిసారీ అంటగట్టనివ్వకండి. నైట్రోజన్‌కు కూడా డబ్బు దండగ, మామూలు గాలిలో 78 శాతం అదే. పదిహేను రోజులకొకసారి చల్లటి టైర్లలో గాలి ఒత్తిడి సరిచూసుకోవడం అంతకంటే మేలు.

ఈ తరగతి కారు టైరు ఒక్కొక్కటి 4,000 రూపాయల పైమాటే. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినా ఇది చిన్న ఖర్చు కాదు (చిన్నపండూరులో అంత పెద్ద టైర్ల కర్మాగారం ఉన్న జిల్లా వాళ్లమైనా మనకు ప్రత్యేక ధరేమీ లేదు). 200 రూపాయలు మిగుల్చుకుని ముందు రెండింటినీ సగం ఆయుష్షుకే మార్చుకోవడం నాకు లెక్కకు రాదు. టైరు గాడుల మధ్యలో ఉండే అరుగుదల గుర్తు, అంటే 1.6 మిల్లీమీటర్ల మట్టం, టైరు ఉపరితలంతో సమానమైతే రొటేషన్ చేసి లాభం లేదు, కొత్తవి కొనవలసిందే. అప్పుడు కొత్త టైరు పక్క గోడ మీద ఉన్న నాలుగు అంకెల తేదీ చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైనదని అర్థం. రొటేషన్ చేయించిన తరువాత వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరొకసారి బిగింపు చూపించుకోండి, దానికి ఏ దుకాణంవారూ నా దగ్గర డబ్బు అడగలేదు.