మాస్టర్-స్లేవ్ బంధంలో త్యాగమంతా స్లేవ్‌దేనా?

మీ ప్రశ్న చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఏడాదిగా మీ ఇష్టంతోనే మీ పార్ట్‌నర్‌కు స్లేవ్‌గా ఉంటున్నానన్నారు, అంటే ఇద్దరూ ఒప్పుకుని, ఆయన మాస్టర్‌గా ఆజ్ఞ ఇస్తే మీరు పాటించే బంధం. ఇప్పుడు "నిజమైన స్లేవ్ అన్నీ వదులుకోవాలి" అంటూ అనంతపురంలో చేస్తున్న ఉద్యోగం మానేయమంటున్నాడనీ, అక్కతో కూడా మాట్లాడొద్దంటున్నాడనీ రాశారు. ఆయన వైపు ఏ బాధ్యతా ఉండదా అని అడిగారు. ఉంటుంది. నా అనుభవం చెప్తాను.

మాది కర్నూలు. పెళ్లయి పదకొండేళ్లు. ఆరేళ్లుగా ఇంట్లో మా ఆయన మాస్టర్, నేను స్లేవ్. ముందు అడిగింది నేనే. మా సీమలో పెళ్లాం మొగుడి మాట వినడం కొత్తేం కాదు కదా, మరి ఇది నా ఇష్టమా, పెంపకంలో వచ్చిన అలవాటా అన్న అనుమానం ఉండేది. అది నాకంటే మా ఆయనకే ఎక్కువ. అందుకే మొదటి షరతు తనే పెట్టాడు. నా ఉద్యోగం, జీతం, ఏటీఎం కార్డు, పుట్టింటి రాకపోకలు, ఆరోగ్యం తన ఆజ్ఞల కిందికి రావు. "నువ్వు ఎప్పుడైనా లేచి వెళ్లిపోగలగాలి. అప్పుడే నువ్వు ఉండటానికి విలువ" అన్నాడు.

తను వదులుకున్నవీ ఉన్నాయి. నెలకు రెండు మూడుసార్లు స్నేహితులతో తాగేవాడు, పూర్తిగా మానేశాడు. తాగిన మనిషి చేతిలో నన్ను నేను పెట్టుకోకూడదని తన పట్టుదల. ఆఫీసులో గొడవపడి వచ్చిన రోజు గుమ్మంలోనే "ఈ రోజు వద్దు" అని చెప్పేస్తాడు. కోపంలో ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వడు. ఎంత అలసిపోయినా నా ముఖం, నా మాట, నా తిండి గమనిస్తూనే ఉండాలి. ఒకరోజు ఆ పెత్తనం నాకిచ్చి చూడమంటే నాకు గంటకే టెన్షన్ వచ్చేసింది.

తప్పు నా వైపు నుంచీ జరిగింది. రెండేళ్ల కిందట, మే నెల. తను డ్యూటీ నుంచి వచ్చేదాకా నేను తినకుండా ఎదురుచూసి, వడ్డించాలన్నది మా నియమం. నాకు జ్వరం వచ్చింది. చెప్తే బలహీనత, ఓర్చుకుంటే త్యాగం అనుకుని రెండు రోజులు దాచాను. మూడో రోజు వంటింట్లోనే పడిపోయాను. టైఫాయిడ్ అన్నారు. మా ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. ఇంటికొచ్చాక నా పక్కన కూర్చుని, "నువ్వు చెప్పకపోతే నేను కళ్లకు గంతలు కట్టుకుని బండి నడిపినట్టే" అని ఏడ్చాడు. నీ ముఖం చూసైనా నేను కనిపెట్టాల్సింది అని నెలన్నర పాటు అన్నీ ఆపేశాడు. నాకు వేసిన శిక్షేమో అనుకున్నాను, తనకు తాను వేసుకున్నాడు. ఆ నెలన్నరలోనే తెలిసింది, నొప్పి దాచిపెట్టి నేను చేసింది త్యాగం కాదని, తన నమ్మకాన్ని వమ్ము చేయడమని.

అప్పటి నుంచి ఆదివారం సాయంత్రం తుంగభద్ర ఒడ్డుకు వెళ్తాం. మిగతా రోజుల్లో తనను "మీరు" అంటాను, అక్కడ మాత్రం "నువ్వు". ఏది బాగుంది, ఏది భారమైంది, ఏది మార్చాలి, అన్నీ మొహమాటం లేకుండా చెప్పుకుంటాం. ఎప్పుడైనా సరే "బురుజు" అంటే చాలు, ఆ క్షణమే అంతా ఆగిపోవాలి. రోజూ కళ్ల ముందు కొండారెడ్డి బురుజు ఉంటుంది కానీ ఇంటి మాటల్లో రాదు, అందుకే ఆ మాట పెట్టుకున్నాం.

"బానిస" అన్న మాట నాకు తేలిగ్గా నోటికి రాదు. అప్పు కింద ఏళ్ల తరబడి రెడ్ల ఇళ్లలో వెట్టి చేసిన జీతగాళ్ల గురించి మా జేజి చెప్పేది. వాళ్లకు వెళ్లిపోయే దారి లేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది, రాజ్యాంగం 23వ అధికరణం అంతకుముందే దాన్ని నిషేధించింది. కాబట్టి మీరిద్దరూ కాగితం మీద ఏం రాసుకున్నా, మిమ్మల్ని కట్టిపడేసే బలం దానికి లేదు. ఇలా ఉండటం ఏమైనా జబ్బా అని కూడా అడిగారు. ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య జరిగే ఇలాంటిదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా నుంచి తీసేసింది, 2022 నుంచి అమల్లో ఉన్న కొత్త జాబితా ఐసీడీ-11లో అది లేదు. ఒప్పుకోని మనిషిని హింసించడంలో లైంగిక సుఖం వెతుక్కోవడం మాత్రం అందులో ఉంది.

మీ పార్ట్‌నర్ అడుగుతున్నది మీరు వెళ్లే దారి మూయడం. జీతం పోతే, అక్క దూరమైతే, రేపు మీరు "వద్దు" అన్నా ఎక్కడికి వెళ్తారు? ఒకసారి మామూలుగా కూర్చోబెట్టి "ఉద్యోగం మానను, అక్కతో మాట్లాడతాను" అని చెప్పి చూడండి. నిజంగా మాస్టర్ అయితే నొచ్చుకున్నా వింటాడు. ఆ మాట చెప్పడానికే భయమేస్తే, కొడతాడేమో అనిపిస్తే, ముందు అక్కకు చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం పెళ్లి కాకుండా భార్యాభర్తల్లా కలిసి ఉంటున్న ఆడవాళ్లకూ వర్తిస్తుంది.

రాజీనామా లెటర్ రాసి బ్యాగులో పెట్టుకున్నానన్నారు. ఇవ్వకండి.