పాత బట్టలు పట్టట్లేదని ఏడుపొస్తోందన్న అక్కకి

అక్కా, డెలివరీ అయ్యాక పాతవేవీ పట్టక, పొద్దున బీరువా తీస్తేనే ఏడుపొస్తోందన్నారు. నాదీ ఇదే కథ. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో రెండేళ్లు ఒక పాత జీన్స్‌ని కళ్లెదురుగా పెట్టుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

బీరువా మొత్తం కింద పోయకండి, చంటిపిల్లతో సగంలో ఆగిపోతుంది. కళ్ల ఎత్తున ఉన్న ఒక్క అర చాలు. ఇప్పటి ఒంటికి సరిపోయే ఏడెనిమిది జతలే అక్కడ పెట్టండి. ముందు గుండీలున్న కుర్తీలైతే పాలివ్వడానికీ సుఖం. పట్టనివి మూటగట్టి సజ్జ మీద పెట్టేయండి, పారేయడం తర్వాత చూద్దాం. జాకెట్లకి లోపల అదనపు గుడ్డ వదిలి కుట్టి ఉంటే, ఆ కుట్టు విప్పించి వదులు చేయించుకోవచ్చు.

పట్టుచీరలు మాత్రం ప్లాస్టిక్ కవర్లలో ఉంచకండి. మన వానాకాలం తేమకి బూజు పడుతుంది. కలరా ఉండలు తగిలితే జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి.

2012లో ఆడమ్, గాలిన్‌స్కీ అనే పరిశోధకులు డాక్టరు కోటు వేసుకుంటే ఏకాగ్రత పెరుగుతుందన్నారు. తర్వాత వేరేవాళ్లు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అందుకే బట్టలు సర్దితే జీవితం మారుతుందని నేననను. పొద్దుటి టెన్షన్ మాత్రం తగ్గుతుంది.

బీరువాతో పని లేకుండా కూడా రోజూ ఏడుపొస్తుంటే మీ డాక్టరుకి చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం అడగరు.