ఊలు అలవాటైన చేతికి సన్న దారం

ప్రశ్న: క్రోషే సూదితో, అంటే మొన దగ్గర కొక్కెం ఉండే సూదితో, ఊలు టోపీలు, శాలువాలు బాగానే అల్లుతాను. పూజ పళ్లెం మీదికి తెల్ల దారంతో గుండ్రటి కవరు మొదలుపెడితే, 4 మి.మీ. సూదితో వలలా వచ్చింది. సన్న సూదితో అల్లితే అంచు గిన్నెలా లేస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వలలా రావడం సూది వల్లే. 10 నంబరు సన్న నూలు దారానికి 1.25 నుంచి 1.75 మి.మీ. స్టీలు సూది వాడాలి.

అంచు లేవడానికి కారణం వేరు. వరసకు పెరగాల్సినన్ని కుట్లు పెరగడం లేదు. ట్రెబుల్ కుట్లు (సూదికి దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్లు) మొదటి వరసలో 12 వేస్తే రెండో వరసలో 24, మూడో దాంట్లో 36 ఉండాలి. ప్రతి వరసా లెక్కపెట్టుకోండి, బద్ధకించొద్దు. ఊలు సాగుతుంది కనుక ఒకటీ రెండూ తగ్గినా సర్దుకుంటుంది. గట్టిగా మెలివేసిన నూలు దారం సర్దుకోదు, తప్పును అలాగే చూపిస్తుంది. కుట్లు ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడుతుంది.

దారం చేతిలో జారుతుంటే చిటికెన వేలికి రెండు చుట్లు తిప్పి, చూపుడు వేలి మీదుగా తీసుకోండి. కొక్కెం దారం పాయల మధ్య దూరితే దారం చీలుతుంది. లాగేటప్పుడు కొక్కెం మొనను కిందికి తిప్పండి.

అయ్యాక ఉతికి, పలచని గంజిలో ముంచి, తువాలు మీద పరిచి చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరనివ్వండి. మన తిరుపతి ఎండకి ఎంతోసేపు పట్టదు. నూలుకి ఇస్త్రీ చేయొచ్చు. యాక్రిలిక్ ఊలుకి మాత్రం వేడి పెట్టె తగలనివ్వకండి, కరుగుతుంది.