స్టిక్కర్ మీద 25, రోడ్డు మీద 19: అమెరికాలో లగ్జరీ ఎస్‌యూవీ కొనేముందు మైలేజ్ సంగతి

మన కూకట్‌పల్లి అబ్బాయే, అమెరికా వెళ్ళి ఏడాది అయింది, ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాడు, మొన్న ఇలా అడిగాడు. "అన్నా, జర్మన్ లగ్జరీ ఎస్‌యూవీ తీసుకున్నా, కిటికీ స్టిక్కర్ మీద కంబైన్డ్ 25 ఎంపీజీ అని ఉంది, నాకేమో 19 దాటట్లేదు, సర్వీస్‌కి తీసుకుపోతే అంతా మంచిగనే ఉందంటున్నరు, నన్ను మోసం చేసిన్రా ఏంది?" నేను సెలవులకి హైదరాబాద్ వచ్చాక ఇక్కడ కూడా వీసా చేతిలో పెట్టుకున్న పిల్లలు ఇదే మాట ఇంకో రకంగా అడుగుతున్నారు, ఫలానా బండి అమెరికాలో ఎంత ఇస్తదన్నా అని. అందుకే అందరికీ పనికొచ్చేలా ఒకేసారి రాస్తున్నా.

మోసం కాదు తమ్ముడూ, బండిలో లోపం ఉండే అవకాశం కూడా తక్కువే. ఆ 25 ఎంపీజీ, అంటే గ్యాలన్‌కి 25 మైళ్ళు అనేది, ఈ బండిని పక్క బండితో పోల్చుకోవడానికి ఇచ్చిన నంబర్, నీ ఇంటి నుంచి నీ ఆఫీసుకి ఎంత వస్తుందో చెప్పే నంబర్ కాదు. ఈ ఒక్క ముక్క కొనకముందే తెలిసుంటే ఏ బండి కొనాలి, నెలకి గ్యాస్‌కి ఎంత పక్కన పెట్టాలి అనే లెక్క వేరేలా ఉండేది. అక్కడ పెట్రోల్‌నే గ్యాస్ అంటారని మీకు తెలిసిందే.

ఆ నంబర్ ఎలా వస్తుందో చెప్తా. ఈపీఏ అనే ప్రభుత్వ సంస్థ పద్ధతి ప్రకారం బండిని ల్యాబ్‌లో రోలర్ల మీద నడుపుతారు, రోడ్డు మీద కాదు. చాలావరకు కంపెనీలే టెస్టు చేసుకుని రిజల్ట్ ఇస్తాయి, ఈపీఏ వాటిలో కొన్నింటిని మళ్ళీ తన ల్యాబ్‌లో చెక్ చేస్తుంది. సిటీ టెస్టు దాదాపు 11 మైళ్ళు, సగటు వేగం గంటకి 21 మైళ్ళు. హైవే టెస్టు 10 మైళ్ళు, సగటు 48, మధ్యలో ఎక్కువలో ఎక్కువ 60 మైళ్ళ వేగం. మళ్ళీ చదవండి, హైవే టెస్టులో పై వేగం 60. డాలస్‌లో టోల్ రోడ్డు ఎక్కితే 60లో పోయేవాడిని లారీలు కూడా దాటేసి పోతాయి, మనవాళ్ళు 75, 80లో పోతారు. ఇది తెలిసే 2008 మోడల్స్ నుంచి ఇంకో మూడు టెస్టులు కలిపారు, 80 మైళ్ళ దాకా వెళ్ళే దూకుడు డ్రైవింగ్ ఒకటి, ఎండలో ఏసీ వేసి ఒకటి, గడ్డకట్టే చలిలో ఒకటి. కానీ ప్రతి మోడల్‌కీ ఐదూ చెయ్యాలని లేదు, చాలా వాటికి మొదటి రెండు టెస్టులు చేసి మిగతాది ఫార్ములాతో తగ్గిస్తారు. చివరికి సిటీకి 55 శాతం, హైవేకి 45 శాతం లెక్కన కలిపి ఆ కంబైన్డ్ నంబర్ వేస్తారు. మీ వాడకం 90 శాతం సిటీ అయితే ఆ కంబైన్డ్‌తో మీకు పని లేదు, చిన్న అక్షరాల్లో ఉన్న సిటీ నంబరే చూడాలి. ఇదంతా అంచనా మాత్రమే, మీకు వచ్చేది వేరుగా ఉండొచ్చు అని ఆ స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది, కంప్లైంట్ పెడితే డీలర్ ముందు చూపించేది ఆ లైనే.

ఇక్కడ మన హైదరాబాద్ అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. ఇండియాలో బండ్లని టెస్టు చేసే ఏఆర్ఏఐ సంస్థ ఇచ్చే మైలేజ్ నంబర్ అంటే షోరూంలో చెప్పడానికే, అందులో మూడో వంతు తీసేస్తే మిగిలేది మనది అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం, అది చాలావరకు నిజమే, ఆ టెస్టులో పై వేగం గంటకి 90 కిలోమీటర్లే, ఏసీ వెయ్యరు, అమీర్‌పేట పంజాగుట్ట మధ్య సాయంత్రం ఆరింటికి ఉండే రద్దీ అందులో ఉండదు. అమెరికా వెళ్ళాక మనవాళ్ళు రెండు రకాలుగా తయారవుతారు. కొందరు ఇది అమెరికా ప్రభుత్వం నంబర్ కదా, పక్కాగా వచ్చేస్తుంది అనుకుంటారు. కొందరు ఇక్కడ కూడా మూడో వంతు కట్ చేసుకుని అన్ని బండ్లూ ఒకటేలే అనుకుంటారు. రెండూ తప్పే. ఈపీఏ నంబర్ మన ఏఆర్ఏఐ కన్నా నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది, నెమ్మదిగా 65లో హైవే మీద పోయేవాళ్ళకి స్టిక్కర్ కన్నా ఎక్కువ కూడా వస్తుంది. నిజంగా నంబర్ తప్పు వేస్తే పట్టుకుంటారు కూడా, 2012లో హ్యుందాయ్, కియా కంపెనీలు దాదాపు 9 లక్షల బండ్ల ఎంపీజీ తగ్గించి మళ్ళీ ప్రకటించాల్సి వచ్చింది, ఓనర్లకి గ్యాస్ తేడా డబ్బులు ఇచ్చారు, 2014లో 10 కోట్ల డాలర్ల పెనాల్టీ కట్టారు. కాబట్టి స్టిక్కర్‌ని కొట్టిపారెయ్యకండి.

మరి ఆ తమ్ముడికి 25 ఎందుకు 19 అయింది? నేను అతన్ని అడిగిన మొదటి ప్రశ్న ఆఫీసు ఎంత దూరం అని. మూడు మైళ్ళు అన్నాడు. అక్కడే సగం జవాబు దొరికింది. లగ్జరీ ఎస్‌యూవీ అంటే దాదాపు రెండు టన్నుల బరువు, చాలావాటికి నాలుగో ఆరో సిలిండర్ల ఇంజన్, దాని ఆయిలు, గేర్‌బాక్సు, ఆ నాలుగు చక్రాలకీ పవర్ పంపే సరంజామా అంతా వేడెక్కడానికే కొన్ని మైళ్ళు పడుతుంది, అది వేడెక్కేలోపు మీరు పార్కింగ్‌లో దిగిపోతున్నారు. సాయంత్రం మళ్ళీ చల్లారిన ఇంజనే స్టార్ట్ చేస్తారు. అమెరికా ప్రభుత్వం లెక్క ప్రకారమే చలి 20 ఫారెన్‌హీట్‌కి పడిపోతే, అంటే మన లెక్కలో మైనస్ 7 డిగ్రీలు, మామూలు వాతావరణంతో పోలిస్తే సిటీలో మైలేజ్ దాదాపు 15 శాతం తగ్గుతుంది, మూడు నాలుగు మైళ్ళ చిన్న ట్రిప్పులైతే 24 శాతం దాకా పోతుంది. షికాగో, న్యూజెర్సీ, మిన్నియాపోలిస్ వెళ్ళేవాళ్ళు ఇది బాగా గుర్తు పెట్టుకోండి. టెక్సాస్ వాళ్ళకి చలి బాధ తక్కువ, వాళ్ళకి ఎండాకాలం ఏసీ ఉంది, బాగా వేడిలో చిన్న ట్రిప్పులకి ఏసీ ఒక్కటే పాతిక శాతం పైగా తినెయ్యగలదు.

ఇంకోటి, ఐడ్లింగ్. ఇండియన్ స్టోర్ ముందు వారాంతం చూడండి, పిల్లలు బండిలో, ఏసీ ఆన్‌లో, ఒకరు లోపల కరివేపాకు కోసం లైన్లో. బండి నిలబడి ఇంజన్ తిరుగుతుంటే ఇంజన్ సైజు, ఏసీని బట్టి గంటకి పావు నుంచి అర గ్యాలన్ ఖర్చవుతుంది, ఆ టైమ్‌లో నడిచిన మైళ్ళు సున్నా. చలికాలం పొద్దున రిమోట్ స్టార్ట్ కొట్టి పదిహేను నిమిషాలు వేడి చెయ్యడం కూడా అంతే, ఇప్పటి ఇంజన్లకి అర నిమిషం చాలు, తర్వాత నెమ్మదిగా నడుపుతుంటే వేగంగా వేడెక్కుతుంది.

వేగం గురించి కూడా చెప్పాలి ఎందుకంటే ఎస్‌యూవీకి ఇది సెడాన్ కన్నా ఎక్కువ తగులుతుంది. గాలి అడ్డం వేగం పెరిగేకొద్దీ దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది, 60 నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతే పెరిగింది కానీ గాలి అడ్డం దాదాపు 78 శాతం పెరిగింది. ఎత్తుగా వెడల్పుగా ఉన్న బండి బీరువాని ఎదురుగాలిలో తోసుకుంటూ పోయినట్టే. దానిమీద రూఫ్ బాక్స్ పెడితే ఫ్రీవే వేగంలో ఇంకో 10 నుంచి 25 శాతం పోతుంది. మనవాళ్ళు థాంక్స్‌గివింగ్ ట్రిప్‌కి బిగించి మళ్ళీ ఎండాకాలం దాకా తియ్యరు, దయచేసి రాగానే తీసెయ్యండి. బండి కొనేటప్పుడు అందంగా ఉన్నాయని 21, 22 అంగుళాల చక్రాలు ఎంచుకుంటే అది కూడా లెక్కలోకి వస్తుంది, స్టిక్కర్ నంబర్ ఎక్కువగా అమ్ముడయ్యే మామూలు చక్రాల మీద వచ్చిందై ఉండొచ్చు.

బండి కొత్తది అయితే కొంచెం ఓపిక పట్టండి, మూడు నుంచి ఐదు వేల మైళ్ళు తిరిగాక గానీ ఇంజన్ పూర్తిగా సర్దుకోదు. పంపులో పోసే గ్యాస్‌లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, దాని వల్ల ఓ మూడు శాతం తక్కువ వస్తుంది. ఇలా మూడు ఇక్కడ, పదిహేను అక్కడ కలిసి 25 కాస్తా 19 అవుతుంది.

అసలు మీకు వచ్చేది 19 అని ఎలా తెలిసింది అన్నది కూడా ముఖ్యం. డాష్‌బోర్డు మీద కనిపించేది నమ్మకండి, చాలా బండ్లలో అది ఉన్నదాని కన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ట్యాంక్ ఫుల్ చేసి పంపు దానంతట అది ఆగగానే ఆపండి, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యండి, మళ్ళీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన మైళ్ళని పోసిన గ్యాలన్లతో భాగించండి. వీలైతే అదే పంపు దగ్గర. ఒక్క ట్యాంక్‌తో తీర్పు ఇవ్వకుండా వరసగా కొన్ని ట్యాంకులు చూడండి. ఎప్పుడూ వచ్చేది ఉన్నట్టుండి బాగా పడిపోయిందంటే మాత్రం అది స్టిక్కర్ గొడవ కాదు, టైర్ గాలి, బ్రేకు పట్టేసి ఉండటం, థర్మోస్టాట్, ఆక్సిజన్ సెన్సర్ ఇవి చూపించుకోవాలి, ఒక్క ఆక్సిజన్ సెన్సర్ పోయినా మైలేజ్ దారుణంగా పడిపోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే 25 ఎంపీజీకి 480 గ్యాలన్లు, 19కి 632. తేడా 152 గ్యాలన్లు. లగ్జరీ బండ్లలో చాలా వాటికి ప్రీమియం గ్యాస్ పొయ్యాలి, గ్యాలన్ నాలుగు డాలర్లు అనుకుంటే అనుకున్నదాని కన్నా ఏడాదికి 600 డాలర్లు ఎక్కువ. నెలకి 50 డాలర్లు పెద్ద విషయమా అనొచ్చు, కానీ కొత్తగా వచ్చినవాళ్ళకి క్రెడిట్ హిస్టరీ లేక లోన్ వడ్డీ, ఇన్సూరెన్స్ రెండూ ఎక్కువే పడతాయి, ఇంటికి డబ్బు పంపాలి, వాటి మీద ఇది కూడా చేరుతుంది. అందుకే నేను ఎంపీజీ కన్నా అదే స్టిక్కర్ మీద చిన్నగా ఉండే ఇంకో నంబర్ చూడమంటా, వంద మైళ్ళకి ఎన్ని గ్యాలన్లు అనేది. 20 నుంచి 25కి మారితే వంద మైళ్ళకి ఒక గ్యాలన్ మిగులుతుంది, 30 నుంచి 35కి మారితే అర గ్యాలన్ కూడా మిగలదు. పెద్ద బండి కొనేవాళ్ళకే ఆ నాలుగైదు ఎంపీజీ తేడా ఎక్కువ విలువైనది.

లగ్జరీ ఎస్‌యూవీనే కావాలి, తిరిగేది ఊళ్ళోనే అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటర్ కూడా ఉండే హైబ్రిడ్ చూడండి, నా గట్టి అభిప్రాయం ఇది. 2023 లెక్సస్ ఆర్ఎక్స్ 350 నాలుగు చక్రాల డ్రైవ్‌కి ఈపీఏ కంబైన్డ్ 24, దాని హైబ్రిడ్ 350హెచ్‌కి 36. అంతకన్నా ముఖ్యం, హైబ్రిడ్‌కి సిటీ 37, హైవే 34, అంటే ఆగి ఆగి పోయే చోటే ఎక్కువ ఇస్తుంది. 12,000 మైళ్ళకి 500 గ్యాలన్లు ఎక్కడ, 333 ఎక్కడ. ఏది కొన్నా సరే, ముందు ఫ్యుయెల్ ఎకానమీ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో ఆ మోడల్ తెరిచి, కింద ఓనర్లు తమకి ఎంత వస్తుందో రాసినది చూడండి, మీ సిటీ హైవే వాటా, మీ ఊరి గ్యాస్ ధర వేసుకుంటే మీ లెక్క మీకు చూపిస్తుంది. వీలైతే అదే బండి వీకెండ్‌కి అద్దెకి తీసుకుని మీ ఆఫీసు దారిలోనే తిప్పి చూడండి, డీలర్ ఇచ్చే పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో మైలేజ్ తెలియదు.

లండన్‌లో ఉన్న ఫ్రెండ్‌తో పోల్చుకునేవాళ్ళకి ఒక మాట. బ్రిటన్ గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.785. ఆయన 30 ఎంపీజీ అంటే అమెరికాలో అది 25. ఇంట్లో నాన్నగారికి చెప్పాలంటే ఎంపీజీని 0.425తో గుణించండి, 25 అంటే లీటర్‌కి 10.6 కిలోమీటర్లు, 19 అంటే 8. యూరప్ వెళ్ళేవాళ్ళు చార్జర్ పెట్టి బ్యాటరీ నింపుకునే ప్లగ్ఇన్ హైబ్రిడ్ నంబర్లతో మాత్రం చాలా జాగ్రత్త, 2024లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన రిపోర్టులో మామూలు పెట్రోల్, డీజిల్ కార్లు టెస్టు కన్నా దాదాపు 20 శాతం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే ప్లగ్ఇన్‌లు మూడున్నర రెట్లు వదులుతున్నాయని తేలింది, కారణం జనం వాటిని సరిగ్గా చార్జ్ చెయ్యట్లేదు. అపార్ట్‌మెంట్‌లో చార్జర్ లేకుండా ప్లగ్ఇన్ కొనకండి.

చివరిగా, కొన్నేళ్ళు ఉండి వెనక్కి హైదరాబాద్ వచ్చేసి ఇక్కడ అలాంటి బండే కొంటామని అడిగినవాళ్ళకి. ఇక్కడ పంపుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోల్, పాత బండ్లకి దాని వల్ల కొంత మైలేజ్ తగ్గుతుంది, అది కలుపుకుని లెక్క వేసుకోండి. డీజిల్ ఎక్కువ ఇస్తుంది, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి విజయవాడ వైపో బెంగళూరు వైపో తరచూ పోయేవాళ్ళకి అదే సరి. కానీ రోజూ కొండాపూర్ నుంచి హైటెక్ సిటీకి మాత్రమే తిరిగేవాళ్ళు ఇప్పటి పొగ నిబంధనల ప్రకారం వచ్చే బీఎస్6 డీజిల్ తీసుకోకండి, దాని పొగ ఫిల్టర్‌లో చేరే మసి కాలిపోవాలంటే ఆగకుండా కాసేపు వేగంగా పోవాలి, ఊళ్ళో ట్రాఫిక్‌లో అది కుదరదు. తీసేసుకున్నవాళ్ళు వారానికోసారైనా గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్ళి రండి.