గాలిని ఇంధనం అనవచ్చునా?

సందేహం: అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్యదేశాల 'ఇంధన భద్రత' గురించి ఒక వార్త చదివాను. అందులో గాలిమరలను, సౌర ఫలకాలను కూడా ఇంధనం కిందే లెక్కవేశారు. గాలి, ఎండ ఇంధనాలవుతాయా? – ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: పక్కనే తాటిపాకలో ముడిచమురు శుద్ధి చేస్తుండగా, రాజోలు వారికి కాక ఈ సందేహం ఇంకెవరికి వస్తుంది!

'ఇంధ్' ధాతువుకు వెలుగు, మండు అని అర్థం. నిప్పు దేనివల్ల రగులుతుందో అది ఇంధనం. అమరకోశం రాసిన అమరసింహుడు దీన్ని వనౌషధివర్గంలో, చెట్టూచేమల నడుమ పెట్టాడు: 'కాష్ఠం దార్వింధనం త్వేధ ఇధ్మమేధః సమిత్ స్త్రియామ్'. ఇంధనం, ఏధస్సు, ఇధ్మం, సమిధ – అన్నీ ఆ ఒక్క ధాతువు బిడ్డలే. యాగశాలలోని సమిధకూ మన పెరటి ఊకపొయ్యికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఎందరు గుర్తించారు? గీతలో 'యథైధాంసి సమిద్ధోఽగ్నిః' అన్నచోట కట్టెలూ ('ఏధాంసి') ఆ మాటే, రగులుకోవడమూ ('సమిద్ధ') ఆ మాటే.

ఇంకో విశేషం. ఇంద్రుడి అసలు పేరు 'ఇంధుడు' అనీ, దాన్నే చాటుగా ఇంద్రుడంటున్నారనీ బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. రగిలించేవాడన్నమాట. ఇక రాజమహేంద్రవరంలో నన్నయగారు తెనిగించిన ఆదిపర్వానికి రండి. శ్వేతకి యాగంలో పన్నెండేళ్లు నెయ్యి తాగి అజీర్తి చేసిన అగ్నిదేవుడు ఖాండవవనాన్ని తినబోతే, మబ్బులు దింపి ఆర్పజూసినవాడు ఎవరు? ఆ ఇంద్రుడే! పేరులో నిప్పు, చేతిలో వాన. నెయ్యి ఎంత పోసినా తీరని జబ్బు అడవితో తీరిందంటే, ఏ నిప్పుకు ఏది ఇంధనమో ఎంచడంలోనే ఉంది కిటుకు. ఈ ఘట్టాన్ని పిల్లలకు యుద్ధంగా మాత్రమే చెప్పి వదిలేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

మీ ప్రశ్న మరిచిపోలేదు. అగ్నికి వాయుసఖుడని పేరు. గాలి అతనికి నేస్తమే గాని తిండి కాదు. కనుక గాలిమర దగ్గర ఇంధనం లేదు. అక్కడ ఉన్నది శక్తి. భౌతికశాస్త్ర పాఠాల్లో ఆ మాటే ఉంది.

మరి ఇంగ్లిషు 'ఎనర్జీ'ని ఇంధనం అనే ఈ పొరపాటు ఎలా పుట్టింది? 1973 చమురు సంక్షోభం తరువాత, 1974లో పారిస్ కేంద్రంగా ఆ అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏర్పడినప్పుడు దాని బెంగంతా చమురే. దిగుమతి చేసుకునే సభ్యదేశం 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా చమురు నిల్వ ఉంచాలన్నది నియమం. అది నికార్సయిన ఇంధనమే. విశాఖలో కొండరాతి కింద మనం దాచుకునే చమురూ అంతే. తరువాత ఆ సంస్థ కరెంటు, గాలి, ఎండ అన్నింటినీ తలకెత్తుకున్నా మన అనువాదకులు కట్టెల దగ్గరే ఆగిపోయారు. కరెంటు వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖకే 'ఇంధన శాఖ' అని పేరుండగా విలేకరిని ఒక్కడినే ఏం తిట్టను?

అలాగని 'శక్తి విధానం' అంటే వినేవాడికి అమ్మవారిని కొలిచే శాక్తేయం గుర్తొస్తుందన్న బెరుకూ నాకు లేకపోలేదు. చమురు, బొగ్గు, గ్యాసు మాత్రమే ఉన్నచోట ఇంధనం అనండి. గాలి, ఎండ కలిసినచోట శక్తి అనడం మేలు. రూఢి అయిన సంస్థల పేర్లను ఇప్పుడు కదపడం నా వల్ల కాదు.

'భద్రత' గురించి మీరు అడగలేదు, అయినా అంటాను. ఒక దేశానికి గ్యాసు కొరత ముంచుకొస్తే ఇరుగుపొరుగు సభ్యదేశాలు ముందుగా ఆ దేశపు ఇళ్లకు అందించాలని ఐరోపా సమాఖ్య 2017లో నియమం చేసుకుంది. దీన్ని మన పత్రికలు 'సంఘీభావ యంత్రాంగం' అని రాస్తే నోరు తిరగదు. దాళ్వాలో, అంటే రెండో పంటకాలంలో, గోదావరి తగ్గినప్పుడు శివారు చేలకూ నీరందేలా కాలువలకు కట్టే 'వంతు' ఉండనే ఉంది. అచ్చంగా సరిపోతుందని అనను. వంతులో అందరికీ వరస ఉంటుంది, అక్కడ ఇళ్లది ముందు వరస. అయినా ఆ పొడుగాటి మాటకంటే నాకిదే నచ్చింది.